గుండీలు కోసిన చెయ్యి

హావడ్‌లాస్, ఉత్తర వేల్స్
1849 ఆగస్టు 26

తమ్ముడు మోరిస్‌కు, అక్క లౌరి రాసేది.

వాన ఆగితే గడ్డి కోద్దామని వారం నుంచి చూస్తున్నాం. ఆగలేదు. చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు, అందుకే కాగితం ముందేసుకున్నాను.

ఇద్వాల్ దగ్గర్నుంచి వేసవి మొదట్లో వచ్చిన ఉత్తరమే ఆఖరు. అందులోనూ బూట్లు కరుస్తున్నాయన్న మాట తప్ప ఇంకేం లేదు. మొన్న ఆదివారం ప్రసంగంలో పాస్టరుగారు ఇంగ్లండు ఊళ్ళల్లో కలరా ఎలా తిరుగుతోందో చెబుతూ ఛాటమ్ పేరు కూడా ఎత్తారు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవిన పడలేదు.

వాడు ఎర్రకోటు తొడుక్కుంటానని పట్టుబట్టినప్పుడు సంఘపెద్ద పెన్రీ మా ఇంటికొచ్చి కూర్చుని ఏమన్నాడో నీకు రాశాను కదా. "లౌరీ, పలకరాతి గనిలో పోయిన నీ మొగుడికి మన మందిరం పక్కనే ఆరడుగుల నేల దొరికింది. సైన్యంలో చేరిన కొడుక్కి అదీ దొరకదు" అన్నాడు. "వాడి మేనమామ అక్కడే ఉన్నాడు" అన్నాను నేను. ఆ ఒక్క మాట పట్టుకునే వాణ్ణి పంపాను. కాబట్టి నువ్వైనా రాయి. వాడెలా ఉన్నాడో, ఏం తింటున్నాడో, మందిరానికి వెళ్తున్నాడో లేదో, ఉన్నదున్నట్టు రాయి.

నీ వెన్నునొప్పి తగ్గిందా? డోళ్ళ దళం ముందు నడుస్తూ ఆ పెద్ద కర్ర తిప్పడం ఇంక చిన్నవాళ్ళకి వదిలెయ్యి.

నీ అక్క,
లౌరి

ఛాటమ్ బారకాసులు
1849 సెప్టెంబరు 9

అక్కకు,

ముందు నువ్వు కంగారు పడకు. ఇద్వాల్ బాగున్నాడు. నిన్న పొద్దున కూడా కళ్ళారా చూశాను.

కలరా మాట నిజమే. బారకాసుల వెనక ఉన్న పాత గిడ్డంగిని ఆసుపత్రి చేశారు. అక్కడ పనికి ఎవరూ ముందుకు రాకపోతే కొందరి పేర్లు పిలిచారు, అందులో వాడి పేరూ వచ్చింది. నీళ్ళు మోస్తాడు, పక్కలు మారుస్తాడు, సున్నం చల్లుతాడు. ఆ సున్నానికి వాడి వేళ్ళు పగిలిపోయాయి. ఉత్తరం రాయకపోవడానికి అదో కారణం అనుకో. మోన్ ద్వీపం కుర్రాడు ఎలిస్ అని, ఇద్వాల్‌కి పక్క మంచం వాడు, మన వేల్స్ భాష మాట్లాడుకోవడానికి వాడికున్న ఒకే ఒక్క నేస్తం, పోయిన వారం పోయాడు. ఆఖరు దాకా ఇద్వాలే దగ్గరున్నాడు.

మామూలుగా అయితే మనిషిని పాతిపెట్టడానికి తీసుకెళ్ళేటప్పుడు మా డోళ్ళకి నల్లగుడ్డ చుట్టి వాయిస్తాం. ఇప్పుడు అది వద్దన్నాడు డాక్టరు. మంచాల మీదున్నవాళ్ళు ఆ చప్పుడు విని, తర్వాత తమ వంతేనని బెంబేలెత్తుతున్నారట. ఇన్నేళ్ళ నౌకరీలో డోళ్ళు లేకుండా శవం వెనక నడవడం నాకిదే మొదటిసారి. బూట్ల చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

ఇద్వాల్ మాటలు తగ్గించాడు. సాయంత్రాలు కంటికి కనబడడం లేదు. ఆ వార్డులో పనిచేస్తే ఎవరైనా అంతేనేమో. నేను కనిపెట్టుకునే ఉంటాను.

మోరిస్

ఛాటమ్
1849 నవంబరు 4

అక్కకు,

ఒక సంగతి చెప్పాలి. ఇద్వాల్ సైన్యంలోంచి వచ్చేస్తున్నాడు. ఈ నెలాఖరులోగా ఎర్రకోటు విప్పేస్తాడు. మళ్ళీ తొడుక్కోడు.

ఎందుకు, ఏమిటి అని నన్నడక్కు. అది వాడు చెప్పాల్సిన మాట. ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలోనే ప్రశ్నలు వెయ్యకు. ముందు ఏదైనా తినిపించు, పడుకోనివ్వు. వాడే చెబుతాడు.

కలరా తగ్గుముఖం పట్టింది. నేను బాగానే ఉన్నాను.

మోరిస్

హావడ్‌లాస్
1849 నవంబరు 13

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. పొరుగింటి కాత్రిన్ పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది. "ఎవరూ పోలేదు, వస్తున్నాడు" అన్నాను.

నువ్వు అడగొద్దంటే అడగను. అయినా నాకు అర్థం కాదా? ఎవరూ కాలుపెట్టని ఆ గిడ్డంగిలో వాడు చేసిన చాకిరీ చూసి పైవాళ్ళే మెచ్చుకుని వదిలిపెట్టారన్న మాట. పైన నీ మాటసాయం కూడా ఉండే ఉంటుంది. చేసిన మేలు చెప్పుకోవడం చిన్నప్పట్నుంచీ నీకు సిగ్గే.

ఆదివారం మందిరంలో పెన్రీయే లేచి నిలబడి చెప్పాడు: "లౌరి కొడుకు రోగులకి సేవచేసి తిరిగొస్తున్నాడు. దేవుడికి వందనాలు చెప్పుకుందాం." అందరూ లేచారు. అంత కరుకైన మనిషి నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. గనిలో వాడి నాన్న తోటివాళ్ళు వాణ్ణి తమ జట్టులో చేర్చుకుంటామన్నారు. పై గదికి సున్నం వేశాను.

ఈ పొట్లంలో రెండు జతల మేజోళ్ళున్నాయి. ఒకటి నీకు. రెండోది మీ కర్నల్‌గారికి, ఇద్వాల్ తల్లి పంపిందని చెప్పి ఇవ్వు. ఆయన కాలెంతో తెలియక నీ కొలతకే అల్లాను. పెద్దవాళ్ళ కాళ్ళు పెద్దగా ఉంటాయేమోనని ఇంకో వరస వేశాను. నవ్వకు.

నీ అక్క,
లౌరి

ఛాటమ్
1849 డిసెంబరు 2

అక్కకు,

ఇద్వాల్ చేరాడా? పోయిన గురువారం పొద్దున గేటు దాటాడు. చేరగానే ఒక్క ముక్క రాయి.

మేజోళ్ళు అందాయి. కర్నల్‌గారివి ఇవ్వలేదు, నా దగ్గరే ఉన్నాయి. నువ్వు అనుకుంటున్నట్టు కాదక్కా. నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ మాట రాయాల్సింది. కలం పట్టుకుని కూర్చుంటే నువ్వు సున్నం వేసిన గది కళ్ళ ముందుకొచ్చింది. రాయలేకపోయాను.

వాడు రాగానే తెలియజెయ్యి.

మోరిస్

హావడ్‌లాస్
1849 డిసెంబరు 23

మోరిస్‌కు,

నీ ఉత్తరం చూసి వాడికి జబ్బు చేసిందనుకున్నాను. నువ్వు దాచింది అదేననుకున్నాను. బండివాళ్ళనల్లా అడిగాను. దారిలో ఉన్న ఊళ్ళ పాస్టర్లకి, అనాథ శరణాలయాలకి మా పాస్టరుగారి చేత ఉత్తరాలు రాయించాను. బక్కగా, ఎత్తుగా, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉన్న కుర్రాడు, రోగులకు సేవచేసి జబ్బుపడ్డాడు అని. ఆ మాటే రాయించాను.

ఇవాళ మందిరం వదిలాక పశువుల వ్యాపారి గిటో వాకిట్లో నిలబడున్నాడు. ఛాటమ్ దగ్గరి కెంట్ సంతలకి ఎడ్లు తోలుకెళ్ళి నిన్ననే తిరిగొచ్చాడు. నన్ను చూసి టోపీ తీశాడు. వాడెన్నడూ టోపీ తీసిన మనిషి కాదు.

"ఇద్వాల్ వచ్చాడా లౌరీ?" అన్నాడు.

"లేదు. నీకెక్కడైనా కనబడ్డాడా?"

"కనబడ్డాడు." అటూ ఇటూ చూశాడు. "లోపలికెళ్ళి మాట్లాడుకుందాం."

నేనే వద్దన్నాను. "ఇక్కడే చెప్పు. అందరూ వాడి కోసమే ప్రార్థన చేస్తున్నారు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

చెప్పాడు. బారకాసుల కసాయికి ఎడ్లు అప్పగించడానికి ఆ గురువారం పొద్దున వెళ్ళాడట. గట్టు మీద జనం మూగి ఉంటే తనూ ఎక్కి చూశాడట. నా కొడుకుని రెజిమెంటు మొత్తం ముందు నిలబెట్టి దొంగ అని చదివారట. కోటు గుండీలు, కాలరు, చేతుల అంచులు కోసి కింద పారేశారట. డోళ్ళూ పిల్లంగోవులూ దొంగల్ని వెళ్ళగొట్టేటప్పటి బాణీ వాయిస్తుంటే వరసల ముందునుంచి నడిపించి గేటు బయటికి తోలారట.

"కోసిందెవరు?" అని అడిగాను.

గిటో చేతిలో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. పెన్రీ గద్దించాడు. అప్పుడన్నాడు: "పెద్ద కర్ర పట్టుకునేవాడు. మన మోరిస్."

ఇంకో మాట కూడా చెప్పాడు. అది కసాయి కొట్టు దగ్గర సిపాయిలు చెప్పుకున్నదట. ఆ రోజు రావక్కర్లేదని కర్నలే నీకు చెబితే, లేదు, నేనే చేస్తానని నువ్వు అన్నావట.

అమ్మ పోయినప్పుడు నీకు నడక కూడా సరిగ్గా రాదు. నా నడుమెక్కే పెరిగావు. వాడికి బాప్తిస్మమిచ్చినప్పుడు నీ చేతుల్లోనే పెట్టాను. ఆ చేతులతోనే కోశావు. ఏం చూసుకుని కోశావు? ఆ కర్ర చివరున్న వెండి బొడిప చూసుకునా?

వాడు దొంగైతే దొంగే. తల్లిని, మోస్తాను. నీ సంగతి నేను మొయ్యలేను. ఇక రాయకు.

ఇద్వాల్ తల్లి

ఛాటమ్
1850 జనవరి 6

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ చదువు. తర్వాత నీ ఇష్టం.

వాడు చేసింది ముందు చెబుతాను. ఎలిస్ పోయేముందు తన వెండి గడియారం ఇద్వాల్ చేతిలో పెట్టాడు. వాళ్ళ నాన్న ఓడ మీద వాడినదట. అమ్మకి పంపమని చెప్పాడు. ఇద్వాల్ పంపలేదు. కొన్నాళ్ళు దగ్గరుంచుకుని, తర్వాత నది ఒడ్డున ఒక దుకాణంలో అమ్మేసి తాగాడు. ఆ తల్లి, గడియారమేదని వాళ్ళ పాస్టరు చేత రాయించింది. వెతికారు, దొరికింది. సైనిక కోర్టులో వాడు ఒక్క మాట కూడా దాచలేదు. "ఆ వార్డులోంచి వచ్చాక తాగకపోతే నిద్రపట్టేది కాదు" అన్నాడు. ఎవరూ వాడి మీద అబద్ధం చెప్పలేదక్కా. చెప్పి ఉంటే బాగుండునని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను.

చనిపోయిన తోటివాడి సొత్తు తిన్నవాడికి సైన్యంలో ఒకటే శిక్ష. కొన్ని వారాలు ఖైదు, ఆ తర్వాత గిటో చూసింది.

కర్నల్ నన్ను పిలిపించిన మాట నిజం. "ఆ పొద్దున నీకు ఒంట్లో బాగాలేదని రాయిస్తాను. కార్పొరల్ హాబ్‌డే చూసుకుంటాడు" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నేను హాబ్‌డేని ఎరుగుదును. పోయినేడు ఒకణ్ణి వెళ్ళగొట్టినప్పుడు వాడు మొద్దుకత్తి తెచ్చాడు. మొద్దుకత్తితో గుండీ తెగదు, లాగాలి. లాగితే మనిషి ఊగుతాడు. ఊగితే జనం నవ్వుతారు. ఆ నవ్వే హాబ్‌డేకి కావాలి. గేటు దగ్గర, డోళ్ళ దళంలో అందరికన్నా చిన్నవాడి చేత వెనకనుంచి తన్నించడం ఆచారం. ఇద్వాల్ కోసం అప్పటికే ఆ పిల్లాడి చేత గడ్డిమూట మీద తన్నులు సాధన చేయించసాగాడు. "వేల్స్‌వాళ్ళ తోలు మందమట, చూద్దాం" అన్నాడు.

అందుకే, నేనే చేస్తాను సార్ అన్నాను. ఆపడం నా చేతిలో లేదు. ఎవరి చెయ్యి అన్నది ఒక్కటే నా చేతిలో ఉంది.

కత్తిని వెంట్రుక తెగేలా నూరాను. ఒక్క గుండీ కూడా లాగలేదు. తాకిస్తే రాలిపోయింది. వాడు ఊగలేదు. గట్టు మీద జనం అంతమంది ఉన్నా ఎవరూ నవ్వలేదు, కావాలంటే గిటోని అడుగు. గేటు దగ్గర తన్ను ఉండదని ముందే చెప్పేశాను. అది ఆచారమే తప్ప ఆజ్ఞ కాదు. హాబ్‌డే గొణిగాడు. గొణగనిచ్చాను.

మెడ దగ్గరి ఆఖరి గుండీ కోసేటప్పుడు వంగి, వాడి చెవిలో మన భాషలో ఒక మాట చెప్పాను. "అమ్మ దగ్గరికి పో. నీ కోసం చూస్తోంది." సరిగ్గా అప్పుడే డోళ్ళు అందుకున్నాయి. వాడు నా ముఖంలోకి ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ఇంటికి రాకపోవడం నేను ఊహించలేదు. ఇక్కడి సత్రాల్లో, రేవులో, కూలీల గుడిసెల్లో అడుగుతూనే ఉన్నాను.

ఇదంతా నీకు ముందే రాయాల్సింది. సగం మాటలు రాస్తే సగం నొప్పే ఉంటుందనుకున్నాను.

మోరిస్

హావడ్‌లాస్
1850 ఏప్రిల్ 14

మోరిస్‌కు,

ఇద్వాల్ దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు. ముందు ఆ మాట రాసేస్తున్నాను, నువ్వు ఊపిరి పీల్చుకో.

నీ ఉత్తరం చదివి పెట్టెలో పెట్టేశాను. నమ్మాలనీ అనిపించింది, నమ్మకూడదనీ అనిపించింది. చలికాలమంతా అలాగే గడిచింది. పోయిన నెల గిటో మళ్ళీ వచ్చాడు. ఈసారి మందిరం దగ్గర కాదు, పెరటి దారిన వచ్చి, గొడ్లపాకలో నన్ను పిలిచి చెప్పాడు. సముద్రం పక్కన రైలుదారి వేస్తున్న కూలీల్లో ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉన్నవాణ్ణి చూశాడట. మనూరికి ఒక్క రోజు నడక. అన్నాళ్ళూ ఆ కొండ వెనకే ఉన్నాడు.

వెళ్ళాను. మట్టి తట్ట మోసుకొస్తూ నన్ను చూసి ఆగిపోయాడు. తట్ట దించను కూడా లేదు.

"ఇంటికి రా" అన్నాను.

"రాలేనమ్మా."

"ఎవరు రావద్దన్నారు?"

"ఇంట్లోవాళ్ళే పొమ్మన్నారుగా. మామయ్య నా మెడ మీద కత్తిపెట్టి, 'పో' అన్నాడు. రెజిమెంటు చదివిన శిక్ష నాకు తగిలింది, సరే. ఆయన ఆ మాట మన భాషలో అన్నాడమ్మా. అది నీ మాట కూడా అనుకున్నాను."

మోరిస్, ఆ చూపు అదీ. నీ డోళ్ళు ముందూ వెనకా మింగేసి 'పో' ఒక్కటే వాడికి మిగిల్చాయి.

నీ ఉత్తరం నా జాకెట్టులో ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. ఆ భాగం చదివి వినిపించాను. వాడు తట్ట దించి, మట్టి కుప్ప మీద కూర్చున్నాడు. "కత్తి చల్లగా ఉందమ్మా. కోస్తున్నట్టే తెలియలేదు" అన్నాడు. ఫోర్‌మన్ వచ్చి అరిస్తే లేచి, తట్ట వాడికి అప్పగించి నాతో నడిచాడు.

అంతటితో అయిపోయిందనుకోకు. పెన్రీ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. "లౌరీ, సంఘంలో వందనాలు చెప్పించింది నేనే. ఇప్పుడు ఈ మాట కూడా నేనే ఎత్తాలి" అన్నాడు. నాకు కోపం రాలేదు. అతని ముఖం కూడా బాగాలేదు.

గురువారం కూటంలో ఇద్వాల్‌ని లేచి నిలబడమన్నారు. నిలబడ్డాడు. చేశావా అని అడిగారు. "చేశాను. చచ్చిపోతున్నవాడు నమ్మి చేతిలో పెట్టినది అమ్ముకుని తాగాను" అన్నాడు. వాడి గొంతు స్థిరంగానే ఉంది. వెలి వెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. నేను కళ్ళు మూసుకోలేదు, ఎవరెవరు ఎత్తారో చూశాను. పెన్రీ ఎత్తాడు, మెల్లగా. కాత్రిన్ ఎత్తలేదు, కానీ ఆ ఒక్క చెయ్యికి విలువేముంది.

ఇక్కడ డోళ్ళు లేవు, గుండీలు కొయ్యరు. బెంచీల మధ్యనుంచి తలుపు దాకా మనిషి ఒక్కడే నడిచి వెళ్ళాలి. అందరూ నేల చూపులు చూస్తారు. నేను ఎన్నిసార్లు అలా చూశానో. ఆ రోజు లేచాను. వాడి పక్కన నడిచాను. ఆపగలిగేదేమీ లేదు, మోరిస్. పక్కన నడవడం ఒక్కటే ఉంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి నువ్వు కత్తి ఎందుకు నూరావో నాకు తెలిసింది.

నిన్ను అన్న మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు. నవంబరులోనే నిజం రాసి ఉంటే నేనే గేటు బయట నిలబడి ఉండేదాన్ని. అది నువ్వు నాకు బాకీ.

అక్క

ఛాటమ్
1850 మే 5

అక్కకు,

ఆ ఆఖరి మాట నిజం. గేటు బయట నువ్వుండాల్సింది. నీకు చలనీ, దూరమనీ నాలో నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేను కోస్తుండగా నువ్వు చూడ్డం నాకు ఇష్టం లేకపోయింది.

పింఛనుకి అర్జీ పెట్టాను. ఇంకో ఏడాదికి మంజూరవుతుందంటున్నారు. అప్పటిదాకా కర్ర నా దగ్గరే. మొన్న ఇంకొకణ్ణి వెళ్ళగొట్టారు, తెలియనివాడే. వాడికీ కత్తి నూరాను.

ఇద్వాల్‌కి ఒక మాట చెప్పు. ఇది ఆజ్ఞ కాదు, వినకపోయినా నేనేమీ అనుకోను. ఎలిస్ తల్లి షోనెద్ అనే ఆమె మోన్ ద్వీపంలో, పడవరేవుకి కాస్త పైన ఉంటుంది. గడియారాన్ని రెజిమెంటు ఆమెకి పంపింది, 'మీ కుమారుని సొత్తు' అని ఒక్క వాక్యం రాసి. కొడుకు ఎలా పోయాడో ఎవరూ రాయలేదు. రాయడానికి ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే.

మోరిస్

హావడ్‌లాస్
1850 జూన్ 9

తమ్ముడు మోరిస్‌కు,

నీ మాట వాడికి చదివి వినిపించాను. చాలా రోజులు గడిచాయి. ఒక ఉదయం బూట్లు తుడుచుకుంటూ, "నువ్వు కూడా వస్తావా అమ్మా?" అన్నాడు. ఎక్కడికని నేనడగలేదు.

పడవలో వాడు నీళ్ళకేసి తప్ప ఎటూ చూడలేదు. రేవు మీది గుడిసెలో అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసినామె నాకన్నా చిన్నది, అయినా తల నెరిసిపోయింది. పిండి అంటిన చేతులు.

"నా పేరు ఇద్వాల్ అమ్మా. మీ ఎలిస్ గడియారం—"

ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. వాడి ముఖం చూసింది, కోటు చూసింది, బూట్ల దాకా చూసింది. "నువ్వేనా" అంది.

"నేనే."

తర్వాత నాకేసి తిరిగింది. "నువ్వు తల్లివా?"

అవునన్నాను. మా ముఖాన తలుపు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే వెనక్కి వచ్చేసేవాళ్ళం, ఆమెని ఒక్క మాట అనుకోకుండా.

"లోపలికి రండి. రొట్టె మాడిపోతుంది" అంది.

కూర్చోమనలేదు. రొట్టె తిప్పేసి, చేతులు తుడుచుకుని, మాకు వీపు చేసి నిలబడే అడిగింది: "వాడు పోయేటప్పుడు నువ్వక్కడున్నావా?"

"ఉన్నానమ్మా."

"నన్ను తలుచుకున్నాడా?"

నేను ఇద్వాల్‌కేసి చూశాను. తలుచుకున్నాడని చెప్పరా అని మనసులో బతిమాలుకున్నాను. ఆ ఒక్క అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు.

"ముందురోజు తలుచుకున్నాడు. గడియారం ఇచ్చినప్పుడు. ఆఖర్లో లేదమ్మా. ఆఖర్లో వాడికి ఎవరూ గుర్తులేరు. నీళ్ళే అడిగాడు."

ఆమె కదల్లేదు.

"నీళ్ళు ఇవ్వకూడదన్నాడు డాక్టరు. తాగితే రోగం ముదురుతుందట. ఎవరికీ ఇవ్వనిచ్చేవారు కాదు. వార్డంతా నీళ్ళు నీళ్ళు అని అరుస్తూనే ఉండేవాళ్ళు. వాడికి అరిచే ఓపిక కూడా పోయింది. పెదాలు మాత్రం ఆడేవి." ఇద్వాల్ ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "నేనిచ్చాను. డాక్టరు అటు తిరిగినప్పుడు నా టోపీలో పట్టుకొచ్చి తాగించాను. తల నా మోకాలి మీద పెట్టుకున్నాను. మొత్తం తాగాడు."

"తాగాడా?"

"తాగాడు. చల్లగా ఉన్నాయన్నాడు. మా ఇంటి వెనక బావి నీళ్ళలా ఉన్నాయన్నాడు."

ఆమె ఇటు తిరిగింది. పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది. ఏడుపు చప్పుడు రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేను దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. అది నా చోటు కాదు.

ముఖం మీంచి చేతులు తీసి, మూల ఉన్న ముక్కాలిపీటను కాలితో ఇద్వాల్ వైపు తోసింది. క్షమించానని అనలేదు. నేను ఎదురుచూడనూ లేదు. పొయ్యి మీది రొట్టె దించి పక్కన పెట్టి, తను నేలమీద కూర్చుంది, వాడికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా.

"మళ్ళీ చెప్పు. నీళ్ళ దగ్గర్నుంచి" అంది.

వాడు మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. మాకు పడవ తప్పిపోయింది.

నీ అక్క,
లౌరి